తీసేసిన లైను

పోయిన వారం కత్తెరను ఒక ఖాళీ ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. పెద్ద ఖాళీ ఏమీ కాదు, చీటీలో ఒక్క వరుస. అది నింపడానికే ఆమెకు చెయ్యి రాలేదు.

మధ్యలో వచ్చి చేరినవాళ్లు కంగారుపడక్కర్లేదు, సంగతి చిన్నదే. లోకంలో సగం యంత్రాలను లోపల కూర్చుని నడిపించే మూల ప్రోగ్రాం ఒకటుంది, కెర్నెల్ అంటారు. అందులో నెట్‌వర్క్ భాగానికి మన కత్తెర, అది ఆమె ముద్దుపేరు, కాపలా. బయటి నుంచి సమాచారం ముక్కలు ముక్కలుగా వస్తుంది. ప్రతి ముక్కా తన పొడవెంతో నెత్తిన రాసుకుని మరీ వస్తుంది. ఒకచోట కెర్నెల్ ఆ రాతను సరిచూడకుండా నమ్మేస్తోంది. తప్పు పొడవు రాసి పంపడం తెలిసినవాడు ఎక్కడో కూర్చుని ఆ యంత్రాన్ని గుప్పిట్లోకి తెచ్చుకోవచ్చు. ఈ సంగతి కత్తెరతో కలిపి ఐదుగురికి తెలుసు. గురువారం మధ్యాహ్నం దిద్దుబాటు బయటికి విడుదలవుతుంది. అందాకా నోరు మెదపకూడదని అందరూ మాట ఇచ్చుకున్నారు.

దిద్దుబాటు, అదే ప్యాచ్, ఎప్పుడో తయారైంది. నాలుగే లైన్లు. మిగిలింది దాంతోపాటు పంపే చీటీ. ‘ఈ తప్పు ఫలానా మార్పుతో మొదలైంది’ అని అందులో రాయాలి. ఏ లైను ఎవరి చేతి మీదుగా వచ్చిందో చూపించే కమాండు ఒకటుంది. దాని పేరు, నమ్మితే నమ్మండి, నింద. కత్తెర ఆ లైను మీద నింద వేసి చూస్తే వచ్చిన పేరు ఆమె మావగారిది. అక్కడ ఆపాం. మీలో కొందరు నన్ను తిట్టుకున్నారని ఉత్తరాల్లో తెలిసింది. ఇదిగో, ఆదివారం ఉదయం.

* * *

“సాయంత్రం ఐదింటికల్లా చీటీ నా చేతిలో ఉండాలి,” అన్నాడు గడియారం ఫోన్లో. ఐదుగురినీ ఒక తాటి మీద నడిపించే మనిషి అతను. టైము చెప్పకుండా ఒక్క మాటా మాట్లాడడు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. “ఖాళీతో పంపితే మాత్రం తీసుకోను. ముందే చెప్తున్నా.”

“పంపను. ఆయన్ని అడగడానికే వెళ్తున్నాను.”

“అడగండి. ఆయన మనవాడే, ఆయన దగ్గర దాపరికం అక్కర్లేదు. ఆయన ఒక్కరి దగ్గరే, సరేనా?”

ఆ ‘ఒక్కరి దగ్గరే’ అన్న మాట ఎవరిని దూరం పెట్టడానికో ఆమెకు తెలుసు. ఆమె భర్త ఇళ్లకు ఇంటర్నెట్ పంచే పెట్టెలు తయారుచేసే కంపెనీలో పెద్ద ఇంజనీరు. ఆ పెట్టెల్లోనూ ఉండేది ఇదే కెర్నెల్. గురువారందాకా తెలియకూడని వాళ్ల జాబితా రాస్తే మొదటి పేరు అతనిదే అవుతుంది. అందుకే పన్నెండు రోజులుగా ఇంట్లో ఆమె ల్యాప్‌టాప్ మూత పక్కనుండి ఎవరు నడిచినా పడిపోతోంది. అతను ఒక్కసారి కూడా ఏమిటని అడగలేదు. ఎంత మర్యాదస్తుడో అని ఆమె లోలోపల మురిసిపోయింది కూడా.

ఇద్దరూ కలిసే వెళ్లారు. మావగారి ఇల్లు మూడో అంతస్తు. తలుపు తీస్తూనే అత్తగారు కొడుకు చేతిలో పాత కుళాయి వాషరొకటి పెట్టింది.

“ఇలాంటిదే తీసుకురా. వారం నుంచి టపటపమని ఒకటే చప్పుడు. మీ నాన్నకు కళ్లు పోయినా చెవులు బాగానే ఉన్నాయి, రాత్రంతా లెక్కపెడుతున్నారు.”

“ఆదివారం ఎవడు తెరుస్తాడమ్మా షాపు?”

“తెరిచినవాడిని వెతుకు. నెట్‌వర్కులు సరిచేస్తావు కదా, ఇదీ సరిచెయ్యి.”

అతను నవ్వుకుంటూ మెట్లు దిగాడు. అత్తగారు వంటింట్లోకి వెళ్లి, కోడలి మొహం ఒకసారి చూసి, తలుపు దగ్గరగా వేసేసింది. ఆవిడ దాదాపు యాభై ఏళ్లు ఒక ప్రోగ్రామరుతో కాపురం చేసిన మనిషి, ఎప్పుడు తలుపు వెయ్యాలో చెప్పించుకోదు.

మావగారు కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు. ఆయన చూపులో మధ్యభాగం చెడిపోయి చాలా కాలమైంది. అంచులు మాత్రం కనిపిస్తాయి. అందుకని మనిషిని చూడాలంటే మొహం పక్కకు తిప్పుకుంటారు. కొత్తవాళ్లు అలిగారేమో అనుకుంటారు. ఇప్పుడు కోడలి వైపు అలాగే మొహం తిప్పుకుని, “కూర్చో తల్లీ. అడుగుల్లోనే తెలుస్తోంది, ఏదో పీకల మీదికి తెచ్చుకున్నావు,” అన్నారు.

ఆమె డొంకతిరుగుడు లేకుండా అడిగేసింది. “ముక్కల్ని కలిపే చోట ఒక కామెంటు ఉంది మావయ్యా. ‘ఇక్కడ మళ్లీ చూడక్కర్లేదు, ముందే చూశాం’ అని. అది మీరు రాసిందేనా?”

ఆయన వేళ్లు కుర్చీ చేతి మీద ఆగిపోయాయి.

“దొరికిందా?” అన్నారు.

ఆ మాట ఆమెకు వింతగా అనిపించాలి. కానీ ఆమె మనసంతా ఆ చీటీ మీద ఉంది. “దొరికింది. నింద వేస్తే మీ పేరు వచ్చింది.”

“ఇల్లు మారిన రోజు నేనే కదా మీట నొక్కింది. నాలుగు లక్షల లైన్లకీ నా పేరే వస్తుంది.”

ఆయన చెప్పింది నిజమే. పద్దెనిమిదేళ్ల కిందట కెర్నెల్ మొత్తాన్ని పాత పద్ధతి నుంచి కొత్త పద్ధతిలోకి ఎత్తి పెట్టారు. ఇప్పటికీ వాళ్లు ఆ రోజును ఇల్లు మారిన రోజనే అంటారు. అంతకుముందు చరిత్ర రాలేదు. ఎవరు ఏది రాసినా, ఆ రోజు మోసుకొచ్చిన ఆయన పేరే అన్నిటి మీదా పడింది.

“అదే నా ఇబ్బంది,” అంది కోడలు. “ఇల్లు మారిన రోజు నుంచి ఉంది అని రాస్తే నా పని అయిపోతుంది. కానీ అంతకుముందు నుంచే ఉంటే? అప్పుడు పుట్టిన యంత్రాలు ఇంకా పనిచేస్తున్నాయి. ఆసుపత్రుల్లో మంచం పక్కన మందు బొట్లు లెక్కపెట్టే పెట్టెలున్నాయి, మంచినీళ్ల పంపులు తిప్పే పెట్టెలున్నాయి. నా చీటీ చూసి వాటి తయారీవాళ్లు ‘మాది అంతకంటే పాతది, మాకు అంటదు’ అని చేతులు దులిపేసుకుంటారు. గురువారం మధ్యాహ్నానికి తప్పు ఎక్కడుందో లోకమంతటికీ తెలిసిపోతుంది. వాటికి మాత్రం మన మందు, ఈ దిద్దుబాటు, అందదు.”

“అందదు,” అని ఆయన ఒప్పుకున్నారు.

“కాబట్టి ఇది ఎప్పుడు మొదలైందో నాకు కచ్చితంగా కావాలి. ఆ ‘చూశాం’లో ఎవరున్నారు మావయ్యా? మేమా, మనమా?”

ఆయన చిన్నగా నవ్వారు. “రాసిన రోజున మేము. తర్వాత మనం అయింది. ఆ అటక మీద అట్టపెట్టెల్లో కింద నుంచి రెండోది దించు. మధ్యలో ఒక క్లిప్పు తగులుతుంది.”

ఆ రోజుల్లో మార్పులన్నీ మెయిల్లో వచ్చేవి. మావగారు ప్రతిదాన్నీ ముద్రించి, ఎర్ర కలంతో దిద్ది, తేదీల వారీగా దాచేవారు. అటకంతా అవే. అత్తగారు వాటిని సవతి అనేది. కోడలు స్టూలెక్కి పెట్టె దించింది, దుమ్ముకు నాలుగు తుమ్ములు తుమ్మింది. క్లిప్పు వెంటనే తగిలింది. అందులో రెండు కాగితాలున్నాయి.

“పైది చదువు,” అన్నారు ఆయన.

“‘అయ్యా, ముక్క పొడవును గేటు దగ్గర ఒకసారి పరీక్షిస్తున్నారు. లోపల కలిపేచోట అదే పరీక్ష మళ్లీ ఉంది. రెండోది అనవసరం అనిపించి తీసేస్తున్నాను. తప్పయితే క్షమించండి.’” కింద నాలుగు లైన్లు, ప్రతిదాని ముందూ తీసేసినట్టు గుర్తుగా చిన్న అడ్డగీత. పక్కన ఎర్ర సిరాతో మావగారి రాత: భలే!

ఆ కింద పేరు చూసి ఆమె నోరు ఆగిపోయింది. పేరు తనది. ముందున్న ఇంటిపేరు పుట్టింటిది.

పాత మెయిళ్లలో తెలిసిన పేర్లన్నీ పెట్టి ఎంత వెతికినా ఎందుకు దొరకలేదో అప్పుడు అర్థమైంది. ఇరవై ఒక్కేళ్లుగా ఆమె వాడని ఇంటిపేరు అది. ఆ ఫైలు కూడా తర్వాత రెండుగా చీలి, పేరు మారి, ఆనవాలు పట్టలేనంతగా అయిపోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ మెయిలు ఆ ఇంట్లో మామూలు మెయిలు కాదు. ఆ కుటుంబం అంతా కంఠతా చెప్పే కథ అది. చదువుకునే పిల్ల ఒకతె పెద్దలంతా పోటీలు పడి లైన్లు పెంచుతుంటే నాలుగు లైన్లు తీసేసి పంపింది, మావగారు ముచ్చటపడి మరిన్ని పనులు అప్పగించారు, ఆ రాకపోకల్లో కొడుకూ ఆమే కలిశారు, పెళ్లయింది. ‘చేర్చేవాళ్లు బోలెడంతమంది, తీసేసే ధైర్యం మా కోడలికే ఉంది’ అని ఆయన పెళ్లిలో మైకు పట్టుకుని మరీ చెప్పారు. కత్తెర అన్న పేరూ అప్పుడు వచ్చిందే. ఎవరు కొత్తగా ఇంటికి వచ్చినా ఈ కథ పెట్టి కాఫీ ఇచ్చేవారు.

ఆమె చెవులు వేడెక్కిపోయాయి. సిగ్గేసింది, మామూలు సిగ్గు కాదు. ఇన్నేళ్లూ తాను గర్వపడ్డ ఒకే ఒక్క పని ఇదే. ఇప్పుడు ఆసుపత్రి మంచాల పక్కన నోరు తెరుచుకుని ఉన్నదీ ఇదే.

“నేనే,” అంది. “మిమ్మల్ని అనుమానించి వచ్చాను.”

“తొందరపడకు. నువ్వు తీసిన రోజున అది తప్పు కాదు. అప్పట్లో ఏ ముక్క రావాలన్నా గేటు దాటే రావాలి. ఒకసారి చూసినదాన్ని రెండోసారి చూడటం దండగే. నేనే ఆ కామెంటు రాసి ఒప్పుకున్నాను. కిందిది చదువు.”

రెండో కాగితం పధ్నాలుగు నెలల తర్వాతది. మావగారిదే. కవరులో కవరు పెట్టినట్టు ఒక ముక్క కడుపులో ఇంకో ముక్కను దాచి పంపే పద్ధతి అప్పుడే కొత్తగా వచ్చింది. దానికోసం ఆయన ఒక దారి తెరిచారు. గేటు దగ్గర పై కవరును చూసి పంపేస్తారు. లోపలి కవరు ఆ దారిన నేరుగా కలిపేచోటికి వచ్చేస్తుంది. అక్కడ ఎవరూ చూడరు. ముందే చూశాం అని రాసి ఉంది కదా!

“నేను పక్క తలుపు తెరిచాను. నీ కామెంటు, అదే నా కామెంటు, చదివాను కూడా. ముందే చూశాం అంటే చూశామనే అనుకున్నాను. నా రాతను నేనే నమ్మాను. ఇద్దరి పనీ విడివిడిగా సరైనదే తల్లీ. కలిపితే కన్నం.”

ఆమె మెదడు చకచకా పనిచేసింది. రెండు మార్పులూ ఇల్లు మారక ముందువే. ఆరో విడుదలకు ముందు రెండోది చేరింది. అంటే ఆరో విడుదల నుంచి అన్నీ. ఆసుపత్రి పెట్టెల్లో ఉన్నది ఆరు, ఏడు. అనుకున్నంతా అయింది, కానీ కావలసిన తేదీ చేతికొచ్చింది. ఆమెకు ఊపిరాడింది.

ఊపిరాడాక కాగితాలు మళ్లీ చూసింది. చూసి, క్లిప్పును వేలితో తిప్పింది.

“మావయ్యా, ఈ పెట్టెలో అన్నీ తేదీల వారీగా ఉన్నాయి. ఈ రెంటికీ మధ్య పధ్నాలుగు నెలలుంది. వీటిని కలిపి గుచ్చిందెవరు?”

వంటింట్లో కుళాయి టపటపమంటోంది. ఆయన మొహం ఈసారి ఆమె వైపే సూటిగా ఉంది, అంటే ఆమెను చూడటం లేదన్నమాట.

“నేనే. పదకొండేళ్ల కిందట.”

“పదకొండేళ్లా!”

“విద్యార్థులకు పాఠం చెప్పాలని పాత కోడు తిరగేస్తుంటే కళ్లబడింది. అప్పటికి కళ్లున్నాయిగా.”

“చూసి కూడా ఊరుకున్నారా? నాలుగు లైన్లు తిరిగి పెట్టేస్తే పోయేదానికి?”

“ఊరికే ఎలా పెడతాను? మనం మార్చిన ప్రతి లైనూ లోకమంతా చదువుతుంది. కారణం చెప్పకుండా ఒక పరీక్ష తిరిగి పెట్టామంటే, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూసినవాడికి కన్నం ఎక్కడుందో మనమే వేలు పెట్టి చూపించినట్టు. చేస్తే పద్ధతిగా చెయ్యాలి, ఇప్పుడు మీరు చేస్తున్నట్టు. చీటీ రాయాలి, పేర్లు రాయాలి. సరిగ్గా ఆ నెలలోనే నెట్‌వర్క్ భాగం నీకు అప్పగించాలా వద్దా అని పెద్దలు కూర్చుని తేలుస్తున్నారు. మావగారు కోడలికి కట్టబెడుతున్నాడని అప్పటికే గుసగుసలు. ఆ పూట నీ పేరుతో ఇది బయటపడితే నీకు ఆ కుర్చీ వచ్చేది కాదు.”

“నా కోసం దాచానంటారు.”

“అవును.”

“ఆ రెండో కాగితం మీద పేరు నాది కాదు కదా మావయ్యా.”

అంత మాట ఆయన్ని ఆమె ఎప్పుడూ అనలేదు. అన్నాక వెనక్కి తీసుకోవాలనీ అనిపించలేదు. ఆయన, “నిజమే. నీ పేరు అడ్డం పెట్టుకుని నా పేరు కాపాడుకున్నాను,” అన్నారు. “నీకు కుర్చీ రాగానే చెప్దామనుకున్నాను. ఆర్నెల్లు పోయాయి. ఏడాది దాటాక, ఏడాది నుంచి ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పాలో తెలియలేదు. రెండేళ్లయ్యాక మరీ. తర్వాత కళ్లు పోయాయి. కళ్లు పోవడం నాకు ఒక సాకు అయింది. ఎవరైనా వాడుకున్నారేమోనని రోజూ వార్తలు వింటూనే ఉన్నాను. ఎక్కడ ఆసుపత్రిలో యంత్రం ఆగిందన్నా అన్నం సయించేది కాదు.”

కోపం, జాలి రెండూ ఒకేసారి వస్తే మనిషి ఏం చేస్తుంది? కత్తెర ల్యాప్‌టాప్ తెరిచింది. ఆమెకు తెలిసిన ఓదార్పు అదొక్కటే. టైపు చేస్తూ పైకి చదివింది.

“‘ఈ తప్పు రెండు మార్పులు కలవడం వల్ల వచ్చింది. మొదటిది కలిపేచోట ఉన్న పరీక్షను తీసేసింది. రెండోది ఆ పరీక్ష అవసరమయ్యే దారిని తెరిచింది. రెండూ ఇల్లు మారక ముందువే. ఆరో విడుదల నుంచి ఇప్పటిదాకా అన్నిటికీ దిద్దుబాటు కావాలి. మొదటి మార్పు చేసినది నేను.’ పుట్టింటి ఇంటిపేరుతో సహా రాశాను.”

“రెండోదాని కింద నా పేరు పెట్టు. పూర్తిగా పెట్టు, పొడి అక్షరాలు వద్దు.”

“పెట్టాను. పదకొండేళ్ల సంగతి కూడా ఎప్పుడో ఒకనాడు మీరే చెప్పాలి. నేను రాయను, దాచను.”

“చెప్తాను,” అన్నారు. గొంతు తేలికపడింది.

చీటీ పంపింది. రెండు నిమిషాలు తిరక్కుండానే గడియారం జవాబిచ్చాడు: ‘పదకొండూ నలభై రెండుకు అందింది. ఆసుపత్రి పెట్టెల వాళ్లకు ఇప్పుడే కబురు పెడుతున్నా. పేర్ల గురించి నేనేం అనను. ధన్యవాదాలు.’ చదివి వినిపిస్తే మావగారు కళ్లు తుడుచుకున్నారు. మంచాల పక్కన పెట్టెలకు ఇక మందు అందుతుంది. నాలుగు రోజులు ఎవరూ నోరు జారకపోతే చాలు.

ఆ ఆలోచన వచ్చాకే ఆమెకు అడగాలని తోచింది.

“మావయ్యా, ఇది మీరు ఇంకెవరికైనా చెప్పారా?”

ఆయన బల్ల మీది కాగితాల కోసం తడుముకున్నారు.

“అత్తయ్యకా?”

“ఆవిడకెందుకు చెప్తాను? నీకు నా నోటితో చెప్పలేక, చెప్పమని ఒకడికి చెప్పాను. ఈ పదకొండేళ్లూ ఏదో ఒక రోజు నువ్వు వచ్చి నిలదీస్తావనే ఎదురుచూశాను. రాలేదు. నువ్వు తెలిసీ ఊరుకున్నావనుకున్నాను తల్లీ. ఇద్దరమూ కలిసే దాస్తున్నామనుకుని బతికాను. ఇందాక నువ్వు అడిగిన తీరు చూస్తే గానీ తెలియలేదు, వాడు నీకు చెప్పనే లేదని.”

“ఎవడు?”

తాళం తిరిగిన చప్పుడైంది. కాగితప్పొట్లం చేతిలో పట్టుకుని ఆమె భర్త లోపలికి వచ్చాడు. దించి ఉన్న అట్టపెట్టెను చూశాడు, బల్ల మీద రెండు కాగితాలను చూశాడు, పక్కకు తిరిగి ఉన్న తండ్రి మొహాన్ని చూశాడు.

ఆమె లేచి నిలబడింది. “పదకొండేళ్ల కిందట మావయ్య నీకేం చెప్పారు?”

దేని గురించి అని అతను అడగలేదు. పొట్లం బల్ల మీద పెట్టి, ఆమె వైపు కాకుండా ఆ కాగితాల వైపు చూస్తూ అన్నాడు.

“మా పెట్టెల్లో ఆ నాలుగు లైన్లూ అప్పుడే తిరిగి పెట్టేశాను. కారణం రాయలేదు. మా కోడు కూడా లోకమంతా చదివేదే. అప్పటి నుంచీ అమ్ముతూనే ఉన్నాం.”